వీటెస్ డెక్ తయారీ: 30 పూల్ లెక్క నుంచి ఐదుగురి టేబుల్ దాకా

వీటెస్, అంటే 'వాంపైర్: ది ఎటర్నల్ స్ట్రగుల్' అనే కార్డుల ఆట, నేర్చుకుని నాలుగైదు ఆటలు ఆడినవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే. "రూల్స్ వచ్చాయి, కార్డులూ ఉన్నాయి. సొంతంగా డెక్ చేసుకుంటే మాత్రం ప్రతిసారీ మొదట నేనే అవుట్. ఎక్కడ తప్పు చేస్తున్నాను?"

ఆ డెక్కులు తీసి పరిచి చూస్తే ఎక్కువసార్లు కనిపించేది ఒకే లోపం. కార్డులన్నీ ఎడమవైపు కూర్చున్నవాళ్లను కొట్టడానికే ఉంటాయి. కుడివైపు నుంచి వచ్చే దెబ్బకు ఏమీ ఉండదు. 30 పూల్‌లో, అంటే మన ప్రాణం లెక్కలో, సగం వాంపైర్లకు పోతుంది, మిగతా సగం నాలుగు టర్నుల్లో కరిగిపోతుంది.

అందుకే ఈ గైడ్‌లో పూల్ లెక్కతో మొదలుపెడతాను. రూల్స్ మొదటి నుంచి చెప్పను. కనీసం రెండు ఆటలు ఆడినవాళ్ల కోసం రాస్తున్నాను.

## 1. ముందు నోటికి రావాల్సిన లెక్కలు

- ఒక్కొక్కరికి మొదట 30 పూల్. అది సున్నా అయితే అవుట్.
- క్రిప్ట్‌లో, అంటే వాంపైర్ల కట్టలో, కనీసం 12 కార్డులు. లైబ్రరీలో, అంటే మిగతా కార్డుల కట్టలో, 60 నుంచి 90.
- ఒకే కార్డు ఎన్ని కాపీలైనా పెట్టుకోవచ్చు.
- క్రిప్ట్‌లోని వాంపైర్లు ఒకే గ్రూప్ (కార్డు మీద ఉండే నంబరు) వాళ్లో, పక్కపక్క నంబర్లున్న రెండు గ్రూప్‌ల వాళ్లో అయి ఉండాలి. 5, 6 కలపవచ్చు. 4, 6 కలపకూడదు.
- చేతిలో ఎప్పుడూ 7 కార్డులు. ఒకటి వేయగానే ఒకటి తీసుకుంటాం.
- ఎడమవైపు వ్యక్తి మీ ప్రే, కుడివైపు వ్యక్తి మీ ప్రెడేటర్. ప్రే అవుట్ అయితే మీకు 1 విక్టరీ పాయింట్, 6 పూల్.
- వాంపైర్లను బయటికి తెచ్చే ఇన్‌ఫ్లుయెన్స్ దశలో టర్నుకు 4 ట్రాన్స్‌ఫర్లు; ఒక్కోదానితో 1 పూల్ వాంపైర్ మీద పెట్టవచ్చు. మొదటి టర్నులో మాత్రం మొదట ఆడేవాళ్లకు 1, రెండోవాళ్లకు 2, మూడోవాళ్లకు 3, ఆ తర్వాతివాళ్లకు 4.

వీటన్నిటికంటే ముందు మనసులో పెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పూల్ మీ ప్రాణం, మీ పర్సు కూడా. వాంపైర్‌ను బయటికి తెచ్చేది దాంతోనే, ప్రెడేటర్ కొట్టేదీ దాన్నే. 7 కెపాసిటీ (బయటికి రావడానికి కావాల్సిన బ్లడ్) వాంపైర్‌ను తెచ్చారంటే ఎవరూ కొట్టకుండానే 7 తగ్గినట్టు.

## 2. సామాను సిద్ధం చేసుకోవడం

మొదటిసారి ఆడేవాళ్లు రెడీమేడ్ డెక్ ఒకటి కొని, దాన్నే మార్చుకుంటూ పోవడం మంచిది. 2020లో వచ్చిన ఫిఫ్త్ ఎడిషన్‌లో మాల్కేవియన్, నోస్ఫెరాటు, టొరియడార్, ట్రెమెర్, వెంట్రూ అనే వాంపైర్ వంశాల డెక్కులున్నాయి. ఐదుగురు ఉంటే తలా ఒకటి సరిపోతుంది.

డెక్ ముందు వీడీబీ అనే సైట్‌లో కట్టి చూసుకోండి. కార్డులన్నీ అందులో దొరుకుతాయి, గ్రూప్ తప్పు పడితే కనిపిస్తుంది. కాగితం మీద రాసుకునే అలవాటున్నవాళ్లు కూడా ఒకసారి అందులో సరిచూసుకోవాలి.

కొనే ముందు డెక్ నచ్చుతుందో లేదో చూడాలంటే మామూలు కాగితం మీద ప్రింట్ తీసి, పాత పేకముక్కను వెనక పెట్టి స్లీవ్‌లో వేయండి. కార్డు సైజు 63 మి.మీ. వెడల్పు, 88 మి.మీ. పొడవు. ఏ జిరాక్స్ షాపులోనైనా "సైజు మార్చకుండా, 100 శాతం" అని చెప్పి ప్రింట్ తీయించండి. పేజీకి సరిపెట్టమంటే కార్డు చిన్నదైపోతుంది, స్లీవ్‌లో అటూ ఇటూ జారుతుంది. ఇలాంటి ప్రింట్లు ఇంట్లో ఆడుకోవడానికే. టోర్నమెంట్‌కు వెళ్తుంటే నిర్వాహకులను ముందే అడగాలి.

స్లీవ్‌లు తప్పనిసరి. మన హైదరాబాద్ ఎండాకాలంలో ఫ్యాన్ ఐదులో పెట్టకుండా రెండు గంటలు కూర్చోలేం. స్లీవ్ లేని కార్డు ఆ గాలికి నిలవదు. చెమట చేతులకు అంచులు పాడవుతాయి, వానాకాలం తేమకు కార్డులు వంగుతాయి. క్రిప్ట్‌కు ఒక రంగు, లైబ్రరీకి ఇంకో రంగు తీసుకోండి. ఆట అయ్యాక కార్డులు సర్దుకోవడం తేలిక.

పూల్, బ్లడ్ లెక్కకు పెట్టే కౌంటర్లు ఖరీదైనవి అక్కర్లేదు. ఐదుగురికి పూల్ కిందే 150 కావాలి, బ్లడ్ బ్యాంక్ అనే ఉమ్మడి కుప్పతో కలిపి 250 ఉంటే ఇబ్బంది ఉండదు. లాడ్ బజార్‌లో ఎర్ర పూసలు, ఎర్ర రాళ్లు దొరుకుతాయి. గుండ్రటివి వద్దు, దొర్లిపోతాయి. ఒకవైపు చదునుగా ఉన్నవి అడగండి. ఏమీ లేకపోతే ఇంట్లో చింతపిక్కలు చాలు, మేం మొదటి ఏడాదంతా వాటితోనే ఆడాం.

ఇరానీ హోటల్ బల్ల మీద ఈ ఆట కుదరదు. ఐదుగురి కార్డులు పరవాలంటే డైనింగ్ టేబుల్ అంత చోటు కావాలి. లేదంటే చాప వేసుకుని నేల మీద కూర్చోండి, అదే ఇంకా హాయి.

బయల్దేరే ముందు చూసుకోండి:

- క్రిప్ట్ 12, లైబ్రరీ లెక్క సరిగ్గా ఉన్నాయా?
- పది స్లీవ్‌లు ఎక్కువ పెట్టుకున్నారా?
- డెక్ లిస్ట్ ఫోన్‌లో ఉందా?
- ఎడ్జ్ (బ్లీడ్, అంటే పూల్ తగ్గించే యాక్షన్, నెగ్గినవాళ్లకు దక్కేది) ఎవరి దగ్గరుందో చూపించడానికి ఒక గుర్తు ఉందా? రూపాయి బిళ్ల చాలు.

## 3. డెక్ చేసే పని ఒక్క వాక్యంలో రాయండి

కార్డులు ముందేసుకుని ఏరడం మొదలుపెట్టకండి. ముందు ఒక వాక్యం రాయండి: "నా డెక్ ప్రే పూల్‌ను ఇలా తగ్గిస్తుంది, నా పూల్‌ను ఇలా కాపాడుకుంటుంది." రెండో సగం రాయలేకపోతే డెక్ ఇంకా తయారు కానట్టే.

ప్రధానంగా నాలుగు రకాలు కనిపిస్తాయి.

స్టెల్త్-బ్లీడ్: బ్లాక్ కాకుండా దాటిపోయి పెద్ద బ్లీడ్ చేయడం. డామినేట్, ఆబ్‌ఫస్కేట్ అనే వాంపైర్ శక్తుల జంట దీనికి బాగా నప్పుతుంది.

ఓట్లు: పొలిటికల్ యాక్షన్‌లతో పూల్ తీయడం. కైన్ రిసోర్సెస్ కంటెస్టెడ్ లాంటి కార్డు నెగ్గితే 4 పూల్ నష్టాన్ని ఇద్దరికో ముగ్గురికో పంచవచ్చు. ప్రైమోజెన్‌కు 1 ఓటు, ప్రిన్స్‌కు 2, జస్టికార్‌కు 3. పదవులున్న వాంపైర్లు ఖరీదు, అది గుర్తుంచుకోవాలి.

వాల్: వచ్చిన ప్రతి యాక్షన్‌నూ ఆపడం. ఆస్పెక్స్ అనే శక్తి దీనికి పునాది. నెమ్మది డెక్, సమయం ముగిసిపోయే ప్రమాదం ఉంది.

ఫైట్: ఎదుటివాళ్ల వాంపైర్లను వెతికి కొట్టి టోర్పర్‌లోకి (కదలలేని నిద్రలోకి) పంపడం. కొట్టడం తేలికే, ఆ తర్వాత బ్లీడ్ చేయడం మర్చిపోతేనే కష్టం.

మొదటి డెక్‌గా నేను స్టెల్త్-బ్లీడ్ చేయమంటాను. లెక్క సూటిగా ఉంటుంది, తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వెంటనే తెలుస్తుంది. ఇక్కడి నుంచి ఉదాహరణలన్నీ ఆస్పెక్స్, డామినేట్, ఆబ్‌ఫస్కేట్ ఉన్న డెక్‌వే. ఫిఫ్త్ ఎడిషన్ మాల్కేవియన్లలో ఈ మూడూ ఉన్నాయి.

## 4. క్రిప్ట్: 12 కార్డులు, అందులో మొదట కనిపించేవి 4

ఆట మొదట్లో 12లో 4 మాత్రమే మీ ముందుకు వస్తాయి. కాబట్టి మీరు ఆధారపడే వాంపైర్‌ను ఒక్క కాపీ పెట్టి, రాలేదని బాధపడి లాభం లేదు. ఒక వాంపైర్ ఆ నాలుగింటిలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం ఇలా ఉంటుంది:

- 2 కాపీలు: నూటికి 58
- 3 కాపీలు: నూటికి 75
- 4 కాపీలు: నూటికి 86
- 5 కాపీలు: నూటికి 93

నాలుగు దగ్గర ఆగడం మేలు. అయిదో కాపీతో వచ్చే లాభం చిన్నది, ఒకే వాంపైర్ మూడుసార్లు వచ్చి కూర్చునే ప్రమాదం పెద్దది. ఒక వాంపైర్ బయటున్నప్పుడు అదే వాంపైర్ రెండో కాపీని తేలేం కదా.

నేను మొదలుపెట్టే అమరిక ఇది:

- 7 కెపాసిటీ ముఖ్య వాంపైర్: 4 కాపీలు
- 6 కెపాసిటీ: 3 కాపీలు
- 5 కెపాసిటీ: 2
- 4 కెపాసిటీ: 2
- 3 కెపాసిటీ: 1

మొత్తం 67, సగటున ఒక్కొక్కరికి 5.6. నలుగురినీ తెస్తే 22 పూల్ పోతుంది, 8 మిగులుతుంది. అందుకే ముగ్గురే అనుకుని డెక్ చేయండి. నాలుగో వాంపైర్ పరిస్థితి బాగుంటేనే.

ఇలా మెట్లుమెట్లుగా కెపాసిటీలు పెట్టడానికి ఒక కారణం ఉంది. గవర్న్ ది అన్‌అలైన్డ్ కార్డును మామూలు డామినేట్‌తో వేస్తే +2 బ్లీడ్. సుపీరియర్ (పై స్థాయి) డామినేట్‌తో అయితే ఇంకా బయటికి రాని, తనకంటే చిన్న వాంపైర్ మీద బ్యాంక్ నుంచి 3 బ్లడ్ పెట్టవచ్చు. అంటే మీ పూల్ 3 మిగిలినట్టు. "తనకంటే చిన్న" అంటే తక్కువ కెపాసిటీ అని అర్థం. అందరూ 5 కెపాసిటీ వాళ్లే ఉంటే ఆ సగం కార్డు పనికిరాదు. 7 కెపాసిటీ వాంపైర్‌కు సుపీరియర్ డామినేట్ ఉందో లేదో చూసుకునే ఎంచుకోండి.

### సీటును బట్టి ముందు ఎవరిని తేవాలి?

ఇది చాలామంది పట్టించుకోరు. మొదటి రెండు టర్నుల ట్రాన్స్‌ఫర్లు కలిపి చూడండి:

- మొదటి సీటు: 1 + 4 = 5
- రెండో సీటు: 2 + 4 = 6
- మూడో సీటు: 3 + 4 = 7
- నాలుగు, ఐదు సీట్లు: 4 + 4 = 8

మొదటి సీట్లో కూర్చుని 7 కెపాసిటీ మీద పెట్టడం మొదలుపెడితే ఆ వాంపైర్ మూడో టర్నుకు గానీ రాదు. అదే సీట్లో 5 కెపాసిటీ వాంపైర్ రెండో టర్నుకే సిద్ధం. మూడో సీట్లో 7 సరిగ్గా కుదురుతుంది. సీటు చూసుకోకుండా "నా ముఖ్య వాంపైర్ ముందు" అనుకుంటే ఒక టర్ను ఊరికే పోతుంది.

## 5. లైబ్రరీ: ముందు రక్షణ, తర్వాత దాడి

నేను 75 కార్డుల దగ్గర ఆపుతాను. 90 పెడితే కావాల్సినవి పల్చబడతాయి. 60 పెడితే పొడుగాటి ఆటలో చివరికి కార్డులు అయిపోవచ్చు.

ఏరే క్రమం ఇది. ఈ క్రమం మార్చకండి. దాడి కార్డులు ముందు ఏరితే రక్షణకు చోటు మిగలదు.

మొదట, బౌన్స్: 10. డిఫ్లెక్షన్ 7, టెలిపతిక్ మిస్‌డైరెక్షన్ 3. మీ మీదికి వచ్చిన బ్లీడ్‌ను ఇంకొకరి మీదికి మళ్లించేవి ఇవి. దాన్ని మీ ప్రే మీదికి మళ్లిస్తే మీ ప్రెడేటర్ కార్డులు మీ పని చేసిపెట్టినట్టే. ఆ దెబ్బతో ప్రే అవుట్ అయితే పాయింటు, 6 పూల్ మీకే వస్తాయి. మిస్‌డైరెక్షన్ బౌన్స్‌కు సుపీరియర్ ఆస్పెక్స్ కావాలి, లేకపోతే +1 ఇంటర్‌సెప్టే (అడ్డుకునే బలం) వస్తుంది.

రెండోది, వేక్‌లు: 8. ఆన్ ది కీ వీవ్, వేక్ విత్ ఈవెనింగ్స్ ఫ్రెష్‌నెస్ లాంటివి. లాక్ అయిన (పని చేసి, కార్డు పక్కకు తిప్పిన) వాంపైర్ కూడా రియాక్షన్ వేయగలిగేలా చేస్తాయి.

వేక్‌ల సంఖ్య గురించి కాస్త ఆగి చెప్పాలి. నల్లకుంటలో మిత్రుడి ఇంట్లో ఒక ఆట. నాకు 8 పూల్ ఉంది, ముగ్గురు వాంపైర్లూ నా టర్నులో బ్లీడ్ చేసి లాక్ అయి ఉన్నారు. కుడివైపు కూర్చున్న తమ్ముడు గవర్న్‌తో బ్లీడ్ మొదలుపెట్టాడు. ఆపేవాళ్లు లేరు. కండిషనింగ్ అనే బ్లీడ్ పెంచే కార్డు వేశాడు: మామూలు 1 + గవర్న్ 2 + కండిషనింగ్ 3, మొత్తం 6. నా చేతిలో డిఫ్లెక్షన్లు మూడున్నాయి, వేక్ ఒక్కటీ లేదు. మూడు డిఫ్లెక్షన్లు పట్టుకుని ఆరు పూసలు లెక్కపెట్టి బ్యాంక్‌లో వేశాను. తర్వాతి వాంపైర్ 2 బ్లీడ్‌తో ఆట ముగించాడు.

ఇంటికి వచ్చి డెక్ తీసి చూస్తే డిఫ్లెక్షన్లు 12, వేక్‌లు 3. 75 కార్డుల్లో వేక్‌లు 3 ఉంటే, మొదటి 7 కార్డుల్లో ఒక్కటీ రాకపోయే అవకాశం నూటికి 74. 8 ఉంటే అది 44కు దిగుతుంది. అప్పటి నుంచి బౌన్స్, వేక్ రెండూ ఇంచుమించు సమానంగా పెడుతున్నాను.

మూడోది, ఇంటర్‌సెప్ట్, అడ్డుకట్టలు: 5. ఎన్‌హాన్స్‌డ్ సెన్సెస్ 3, డిలేయింగ్ టాక్టిక్స్ 2. రెండోది ఓటింగ్‌ను రద్దు చేస్తుంది. మీ డెక్‌లో ఓట్లు లేనప్పుడు ఈ రెండు కార్డులు చాలా విలువైనవి.

నాలుగోది, ఫైట్ నుంచి తప్పుకోవడానికి: 3. డాడ్జ్ లాంటి మామూలు కార్డులు. ఫైట్ డెక్ ఎదురైతే మూడు కార్డులు కాపాడలేవు, ఒక్క వాంపైర్ టోర్పర్‌కు వెళ్లకుండా ఆపితే చాలు.

ఐదోది, మాస్టర్లు (వాంపైర్లతో కాక మీరే నేరుగా వేసే కార్డులు): 13. టర్నుకు ఒక్క మాస్టరే వేయగలం. అంతకంటే ఎక్కువైతే చేతిలో పేరుకుపోతాయి. ఇందులో ఆరేడు పూల్ వెనక్కి తెచ్చేవే ఉండాలి. బ్లడ్ డాల్ ఉన్న వాంపైర్ నుంచి మీ మాస్టర్ దశలో 1 బ్లడ్ పూల్‌లోకి తీసుకోవచ్చు. విలీన్ అయితే ఒకేసారి ఎక్కువ తెస్తుంది. వాంపైర్ మీద పెట్టిన పూల్ పోయినట్టు కాదు, అది బ్లడ్‌గా అక్కడే ఉంది. వెనక్కి తెచ్చుకునే దారి ఉండాలి అంతే.

ఇప్పుడు దాడి: గవర్న్ 10, బ్లీడ్ పెంచేవి 9, స్టెల్త్ 17.

బ్లీడ్ పెంచే కార్డుల మీద "లిమిటెడ్" అని ఉంటే ఒక యాక్షన్‌లో అలాంటివి రెండు కలపలేరు. గవర్న్ యాక్షన్ కార్డు కాబట్టి దాని మీద కండిషనింగ్ ఒకటి వేయవచ్చు. రెండు కండిషనింగ్‌లు మాత్రం వేయలేరు.

స్టెల్త్ కార్డులన్నీ ఒకే పేరువి పెట్టకండి. ఒక వాంపైర్ ఒకే యాక్షన్‌లో ఒకే పేరున్న మాడిఫయర్ (యాక్షన్‌ను మార్చే కార్డు) రెండుసార్లు వేయకూడదు. చేతిలో లాస్ట్ ఇన్ క్రౌడ్స్ నాలుగున్నా ఒకటే పనికొస్తుంది. లాస్ట్ ఇన్ క్రౌడ్స్, క్లోక్ ది గాదరింగ్, ఇంకో రెండు పేర్లు కలిపి పంచండి.

లెక్క సరిచూసుకోండి: 10 + 8 + 5 + 3 + 13 + 10 + 9 + 17 = 75.

## 6. చేతిలో కార్డులు ఇరుక్కోవడం

"అన్నా, చేతినిండా స్టెల్తే, ఒక్క బ్లీడ్ లేదు." ఇది నేను ఎక్కువసార్లు వినే మాట. కార్డులు సరిగ్గా కలపకపోవడమే దీనికి కారణం అనుకుంటారు. కాదు, ఇది డెక్ నిర్మాణంలోని లోపం.

స్టెల్త్ కార్డును ఎప్పుడు పడితే అప్పుడు వేయకూడదు. ఎవరైనా బ్లాక్ చేయడానికి వచ్చి, వాళ్ల ఇంటర్‌సెప్ట్ మీ స్టెల్త్‌కు సరిపోయినప్పుడే వేయాలి. ప్రే బ్లాక్ చేయకుండా ఊరుకుంటే ఆ కార్డులు చేతిలోనే ఉంటాయి. డిస్కార్డ్ దశలో పోయేది టర్నుకు ఒకటే. రమ్మీలోలా ప్రతి చేతికీ ఒక ముక్క మార్చుకునే వీలు ఇక్కడ అంతే ఉంది.

సవరణలు:

- స్టెల్త్ 17 దాటనివ్వకండి. టేబుల్‌లో బ్లాక్ చేసేవాళ్లు తక్కువైతే 14కు దించండి.
- రెండు విధాలుగా పనికొచ్చే కార్డును ఒక్క పనే చేసే కార్డుకంటే ముందు ఎంచుకోండి. గవర్న్ అలాంటిదే.
- ప్రతి టర్నులో డిస్కార్డ్ వాడండి. "తర్వాత పనికొస్తుందేమో" అని రెండు టర్నులుగా పట్టుకున్న కార్డే మొదట పోవాల్సింది.

## 7. ఒంటరిగా పరీక్షించండి

ఐదుగురిని ఆదివారం ఒకచోటికి చేర్చడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఒకరు కూకట్‌పల్లి, ఒకరు ఎల్బీ నగర్, ఇంకొకరికి ఆఫీసు కాల్. అంతా కుదిరి కూర్చున్నాక డెక్ పనిచేయడం లేదని తెలిస్తే ఆ రోజు వృథా. ముందే ఇంట్లో ఇలా చూడండి.

1. క్రిప్ట్ నుంచి 4, లైబ్రరీ నుంచి 7 తీయండి.
2. సీటు నంబరు చీటీ తీసి నిర్ణయించండి. సీటును బట్టి ట్రాన్స్‌ఫర్లు వాడండి.
3. ఎనిమిది టర్నులు ఆడండి. ప్రతి బ్లీడ్‌కు రూపాయి ఎగరేయండి. బొమ్మ పడితే ప్రే బ్లాక్‌కు వచ్చినట్టు, బొరుసు పడితే వదిలేసినట్టు.
4. మూడో టర్ను నుంచి ప్రతి టర్నులో మీ మీదికి 3 బ్లీడ్ వచ్చిందనుకోండి. వేక్, బౌన్స్ ఉంటే వేయండి, లేకపోతే పూల్ తీయండి.
5. ప్రతి టర్ను చివర మూడు అంకెలు రాయండి: మీ పూల్, ప్రే పూల్, చేతిలో కదలని కార్డులు.

ఇలా పదిసార్లు చేయండి. ఎనిమిదో టర్నుకు మీరు సగం కంటే ఎక్కువసార్లు అవుట్ అవుతుంటే రక్షణ తక్కువ. మీరు బతికే ఉన్నా ప్రే పూల్ 15 కిందికి దిగకపోతే గవర్న్‌లు తక్కువ లేదా వాంపైర్లు ఆలస్యం.

మూడో సీటులో పూల్ ఇలా నడవాలి. మొదటి రెండు టర్నుల్లో 7 పెట్టి ముఖ్య వాంపైర్‌ను తెచ్చారు, 23 మిగిలింది. మూడో టర్నులో ఆ వాంపైర్ సుపీరియర్ గవర్న్‌తో 4 కెపాసిటీ మీద 3 పెట్టింది. మీరు 1 కలిపి దాన్ని తెచ్చారు, మిగతా 3 ట్రాన్స్‌ఫర్లు 6 కెపాసిటీ మీద పెట్టారు. 19 ఉంది. నాలుగో టర్నులో ఇంకో 3 పెడితే మూడో వాంపైరూ వచ్చింది. చేతిలో 16 పూల్, బయట 17 కెపాసిటీ. ఆ 16లోంచే ప్రెడేటర్ దెబ్బలు తట్టుకోవాలి. ఇంత పొదుపుగా వెళ్లినా 16 అంటే, గవర్న్ రాని రోజు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

## 8. టేబుల్ మీద: ఏది ముందు, ఏది వెనక

టర్ను క్రమం అందరికీ తెలిసిందే: అన్‌లాక్, మాస్టర్, మినియన్, ఇన్‌ఫ్లుయెన్స్, డిస్కార్డ్. మినియన్ దశలో, అంటే వాంపైర్లు యాక్షన్లు చేసే దశలో, మీరు ఎవరితో ముందు కదులుతారన్నదే ఆటను మారుస్తుంది.

చిన్న బ్లీడ్ ముందు. ప్రేకు అన్‌లాక్ అయిన వాంపైర్ ఒకరే ఉంటే, మీ చిన్న వాంపైర్‌తో 1 బ్లీడ్ పంపండి. వాళ్లు ఆపితే ఆ బ్లాకర్ లాక్ అవుతుంది, మీ పెద్ద బ్లీడ్‌కు దారి ఖాళీ. ఆపకపోతే 1 పూల్, ఎడ్జ్ మీకు. కానీ ఎదురుగా ఉన్నది ఫైట్ డెక్ అయితే ఈ పని చేయకండి, చిన్న వాంపైర్ టోర్పర్‌కు పోతుంది. అక్కడి నుంచి లేవాలంటే 2 బ్లడ్ కట్టాలి.

కండిషనింగ్ చివర్లో. బ్లాక్ ప్రయత్నాలు అయిపోయాకే బ్లీడ్ పెంచండి. ప్రే దగ్గర అన్‌లాక్ అయిన డామినేట్ వాంపైర్ ఉంటే, పెద్ద బ్లీడ్ బౌన్స్ అవుతుందన్న ఆలోచనతోనే వేయండి. మొదటి గవర్న్‌ను పెంచకుండా పంపి, వాళ్లు డిఫ్లెక్షన్ ఖర్చు చేశాక రెండోదాన్ని పెంచడం మంచి పద్ధతి.

ఒకరిని వెనక ఉంచండి. చేతిలో వేక్ లేకపోతే ముగ్గురినీ పంపకండి. బౌన్స్ వేయగల ఒక వాంపైర్ అన్‌లాక్‌గా ఉండాలి. వేక్, బౌన్స్ రెండూ ఉంటే నిశ్చింతగా ముగ్గురినీ పంపవచ్చు.

ప్రెడేటర్‌ను మరీ బలహీనం కానివ్వకండి. మీ ప్రెడేటర్ అవుట్ అయితే వాళ్ల ప్రెడేటర్ 6 పూల్ అదనంతో మీ వెనక కూర్చుంటారు. ఎదురుగా ఉన్నవాళ్లతో మాట్లాడి ఆ వేగం తగ్గించడం ఒక్కోసారి మీ బ్లీడ్ కంటే ముఖ్యం. టేబుల్ మీద మాటలు ఆటలో భాగమే. "ఈ టర్ను మీ మీద బ్లాక్ చేయను, ఆ ఓటు నాకు వేయండి" అని అడగవచ్చు. ఆ ఒప్పందాలకు రూల్స్ కాపలా ఉండవు, అవతలివాళ్లకూ లాభం కనిపించే మాటే అడగండి.

టోర్నమెంట్ రౌండ్ 2 గంటలు. సమయం అయిపోతే మిగిలినవాళ్లకు తలా అర పాయింటే. కాబట్టి గంట గడిచేసరికి ప్రే పూల్ ఎంతుందో చూసుకోండి. 10 కంటే ఎక్కువుంటే దాచుకున్న బ్లీడ్ కార్డులు బయటికి తీయాల్సిన సమయం వచ్చింది.

## 9. తప్పు, దాని సవరణ

మొదట నేనే అవుట్ అవుతున్నాను. రెండు స్టెల్త్, ఒక కండిషనింగ్ తీసి మూడు వేక్‌లు పెట్టండి. నాలుగో వాంపైర్‌ను తేవడం మానండి.

ప్రే ప్రతిదీ ఆపేస్తున్నారు. ముందు స్టెల్త్ కార్డుల పేర్లు ఎన్ని రకాలున్నాయో చూడండి. నాలుగు రకాలున్నా ఆపుతుంటే అది గట్టి వాల్. మీ కుడివైపు నుంచి వచ్చే బ్లీడ్‌ను వాళ్ల మీదికి మళ్లించడం మీద దృష్టి పెట్టండి.

వాంపైర్ల మీద బ్లడ్ అయిపోతోంది. బ్లడ్ సున్నా అయిన వాంపైర్ హంట్ (బ్లడ్ తెచ్చుకునే యాక్షన్) తప్ప ఇంకో యాక్షన్ చేయలేదు. బ్లడ్ డాల్‌తో చివరి చుక్క దాకా పిండకండి, 2 మిగిలాక ఆపండి. పూల్ బాగున్న టర్నులో ముందే హంట్‌కు పంపండి.

మాస్టర్లు పేరుకుపోతున్నాయి. 13ను 11 చేయండి. ఒకే వాంపైర్ మీద రెండోది వేయలేని రకం ఎక్కువ పెట్టారేమో కూడా చూడండి.

ఓట్ల డెక్ చేతిలో ఓడిపోతున్నాను. ఎడ్జ్ దగ్గరుంటే దాన్ని కాల్చి 1 ఓటు వేయవచ్చు, అది మర్చిపోతుంటారు. ఆ తర్వాతే డిలేయింగ్ టాక్టిక్స్ సంఖ్య పెంచండి.

## 10. ఆట అయిన వెంటనే

టీ తాగడానికి లేవకముందే రాసుకోవాల్సినవి నాలుగు. పది నిమిషాలు దాటితే గుర్తుండవు.

- ఏ సీటు, ఎవరిని ముందు తెచ్చారు?
- ఏ టర్నులో పూల్ 10 కిందికి దిగింది, ఏ దెబ్బకు?
- చివరికి చేతిలో మిగిలిన 7 కార్డులు ఏవి?
- మీ కార్డు వల్ల కాక, బౌన్స్ వల్ల ప్రే పోగొట్టుకున్న పూల్ ఎంత?

మూడు ఆటల్లో చివరిదాకా చేతిలో మిగిలిపోయిన కార్డు పేరు ఒకటే అయితే, దాని కాపీలు రెండు తీసేయండి. ఒకసారికి ఐదు కార్డుల కంటే ఎక్కువ మార్చకండి. పది మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు. తీసేసిన కార్డులను చిన్న జిప్ కవర్‌లో వేసి, తీసిన తేదీ రాసి, అదే డబ్బాలో ఉంచండి. వాల్ డెక్ పట్టుకుని కొత్తవాళ్లు వచ్చిన ఆదివారం ఆ స్టెల్త్‌లు మళ్లీ కావాల్సి వస్తాయి.